ఎర్ర కలం దిద్దిన నీలం కుక్క

మూడో అంతస్తు, వంటింటి బల్ల
సోమవారం

వదినగారికి,

మీ పార్సిలు చేరింది. తాడు విప్పడానికి మీ తమ్ముడికి అరగంట పట్టింది. అంత పెద్ద బస్సు నడిపే మనిషి ఒక్క ముడి విప్పలేక చెమటలు కక్కుతుంటే, మీ మేనకోడలు పక్కన నిలబడి "కత్తెర తేనా నాన్నా?" అని ఏడుసార్లు అడిగింది. ఎనిమిదోసారికి ఆయనే వెళ్లి తెచ్చుకున్నారు.

ఇరవై నాలుగు రంగుల క్రేయాన్లు, గుమ్మం అంత పొడుగు కాగితం చుట్ట! ఇంత ఎందుకు వదినా? ఈ మాట ఫోనులోనే చెప్పొచ్చు. కానీ మనం ఫోనెత్తితే ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, పెట్టేశాక ఎవరేం చెప్పారో ఎవరికీ గుర్తుండదు. కాగితం మీదైతే మీరు నాకు అడ్డు రాలేరు.

సంగతేమిటంటే, ఆ రంగుల పెట్టె ప్రస్తుతం బీరువా మీద ఉంది. కోప్పడకండి. బొంగరం (ఒకచోట నిలవదని మీరు పెట్టిన పేరే స్కూల్లోనూ ఖాయమైపోయింది) వచ్చే ఏడాది ఒకటో తరగతిలో కూర్చోవాలంటే, ఈ ఏడాది పూర్తయ్యేలోగా అక్షరాలన్నీ చూడకుండా రాయాలట. లేకపోతే ఇంకో ఏడాది అదే చిన్న కుర్చీ. ఇప్పటికి అది సొంతంగా రాసింది ఒక్కటి కూడా లేదు. వేళ్లలో పట్టు లేదంటున్నారు. అందుకని రోజూ సాయంత్రం గంటసేపు కూర్చోబెట్టి, దాని చెయ్యి నా చేతిలో పెట్టుకుని రాయిస్తున్నాను. ఈ హడావుడిలో రంగులూ బొమ్మలూ అంటే ఉన్న కాస్త ధ్యాసా చెదిరిపోతుంది. పైగా దానికి ఈమధ్య బొమ్మలంటే అంత ఇష్టం కూడా లేదు.

మా ప్రెస్సులో పాఠ్యపుస్తకాల రోజులు నడుస్తున్నాయి. ప్రూఫుల్లో అచ్చుతప్పులు దిద్దీ దిద్దీ కళ్లు లాగేస్తున్నాయి. నిన్న సబ్బు కాగితం మీద రెండు తప్పులు పట్టుకున్నాను, స్నానం మానేసి ఎర్ర కలం కోసం వెతికాను.

మీ మరదలు


బోర్డుల షెడ్డు, తడి ఆరని బల్ల మీద
శుక్రవారం

ఏమే మరదలా,

రంగుల పెట్టెని బీరువా ఎక్కించావా? నిచ్చెనలెక్కి బతికేదాన్ని నేను, నీ బీరువా నాకో లెక్కా? బస్సెక్కి వచ్చి దించి మరీ పోతాను. మీ ఆయన బస్సే ఎక్కుతాను, టికెట్టు కూడా తీసుకోను.

నేను ఈ బోర్డుల పనిలో చేరినప్పుడు మా మేస్త్రి మొదటి ఏడాదంతా నా చేతికి ఒక్క అక్షరం ఇవ్వలేదు. షట్టర్లకి అడ్డంగా రంగు పుయ్యడం, నిలువుగా పుయ్యడం, గొడుగులు, చెప్పులు, చేపలు వెయ్యడం. ఇంతే పని. నాకు ఒళ్లు మండిపోయేది. రెండో ఏడు ఒకరోజు సన్న బ్రష్షు ఇచ్చి "ఇక రాయి" అన్నాడు. చెయ్యి దానంతట అదే తిరిగింది. మన అక్షరాల్లో ఏముంది చెప్పు? ఒక వంపు, ఒక సున్నా, పైన ఓ చిన్న తలకట్టు. చేపలు వేసి వేసి ఉన్న చేతికి అవన్నీ తెలిసిన దారులే. నువ్వేమో పిల్లకి దారి తెలియకముందే చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోతున్నావు.

కాబట్టి నా మాట విను. క్రేయాన్లు సగానికి విరిచెయ్యి. నిజంగానే విరవమంటున్నాను. పొడుగుదైతే పిడికిట్లో పట్టుకుంటారు, పొట్టిదైతే మూడు వేళ్లతో పట్టుకోక తప్పదు. రేపు పెన్సిలు పట్టుకోవాల్సింది ఆ మూడు వేళ్లతోనే. కాగితాన్ని బల్ల మీద పరవకు, గోడకి అంటించు, దాని ముక్కు ఎత్తున. నిలబడి గీస్తే మణికట్టు గట్టిపడుతుంది. ఆ పైన, వేసిందాన్ని చూసి "ఇదేంటి?" అని మాత్రం అడగకు. చెమటోడ్చి ఏనుగుని వేస్తే ఇదేంటి అంటే ఎవరికి మండదు? "దీని సంగతి చెప్పవే" అను. ఇంట్లో నోరు విప్పని పిల్లలు కూడా చేతిలో రంగుంటే లొడలొడా వాగుతారు, భయాలూ అలకలూ అన్నీ బయటికొస్తాయి.

ఒక్క ముక్క మాత్రం నాకు మింగుడు పడలేదు. దానికి బొమ్మలంటే ఇష్టం లేదని రాశావు. పోయిన సెలవుల్లో నేనొచ్చినప్పుడు కాగితాలు చాలక నా పిక్క మీద పడవ వేసింది కదా! ఆ పడవ కోసం రెండు రోజులు కాలు తడవకుండా స్నానం చేశాను. ఆ పిల్లకి ఏమైంది?

మీ వదిన


మూడో అంతస్తు
ఆదివారం, కరెంటు లేదు

వదినగారికి,

మీరు చెప్పినవన్నీ చేశాను. క్రేయాన్లు విరుస్తుంటే మీ తమ్ముడు నన్ను హంతకురాల్ని చూసినట్టు చూశారు. కాగితం గోడకి అంటించాను. జిగురు ఎక్కువై ఇప్పుడు కాగితం వస్తే గోడ కూడా వచ్చేలా ఉంది. ఇంటి ఓనరు వచ్చినప్పుడల్లా అక్కడ టవలు ఆరేస్తున్నాను.

బొంగరం ఆ నలభై ఎనిమిది ముక్కల్నీ నేల మీద వరసగా పేర్చింది. ఎర్రవన్నీ ఒక దగ్గర, పచ్చవన్నీ ఒక దగ్గర. "క్యూలో నిలబడ్డాయి" అంది. తర్వాత అన్నిటినీ జాగ్రత్తగా పెట్టెలో సర్దేసి, గోడ దగ్గరికి వెళ్లి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుని. కాగితాన్ని కాసేపు చూసి, "బాగా తెల్లగా ఉంది" అని వెళ్లిపోయింది.

మర్నాడూ అంతే. మూడో రోజు "అమ్మా, నువ్వు వెయ్యి, నేను చూస్తా" అంది. నాకు బొమ్మలు రావన్నాను. "నాకూ రావు" అంది, చాలా మర్యాదగా.

మిగతా అంతా బాగానే ఉంది. తిండికి లోటు లేదు, పరుగులకి లోటు లేదు. కింది ఇంటివాళ్లు కర్రతో సీలింగు కొడుతున్నారు. మీకు దగ్గు తగ్గిందా? ఆ టర్పెంటైను వాసన తగ్గించుకోండి. మా ప్రెస్సులో కొత్త మిషను వచ్చింది, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మీ మరదలు


షెడ్డు
బుధవారం

మరదలా,

దగ్గు తగ్గింది. మిషను గురించి రాయనక్కర్లేదు.

నేనడిగిన ప్రశ్న ఒక్కటి. నువ్వు జిగురు గురించి చెప్పావు, ఓనరు గురించి చెప్పావు, కింది ఇంటివాళ్ల కర్ర గురించి కూడా చెప్పావు. దానికి మాత్రం జవాబు లేదు. నీళ్లు నమిలే అలవాటు నీకెప్పటినుంచి? పెళ్లైన కొత్తలో నా ఉప్మాలో ఉండలున్నాయని నా ముఖం మీదే చెప్పినదానివి.

నాలుగున్నరేళ్ల పిల్ల చేతులు వెనక్కి కట్టుకుందంటే నాకు భయం వేసింది. పోలీసుని చూస్తే నేనలా నిలబడతాను.

ఆ పిల్ల ఆఖరిసారి వేసిన బొమ్మ నీ దగ్గరుంటే పంపు. వెంటనే.

వదిన


మూడో అంతస్తు
ఇంట్లో ఎవరూ లేరు

వదినా,

బొమ్మ ఇందులో పెట్టాను. ముందు ఉత్తరం చదివి తర్వాత దాన్ని చూడండి. ఇప్పటికే చూసేసి ఉంటారు, మీ సంగతి నాకు తెలుసు.

ఆ ఎర్ర గీతలు నావి.

ఐదు నెలల కిందటి మాట. మర్నాటికి మూడు వందల పేజీల ప్రూఫు అందాలి. సగం ఇంటికి తెచ్చుకుని ఈ బల్ల దగ్గరే కూర్చున్నాను. ఎడమ పక్క దిద్దాల్సిన కట్ట, కుడి పక్క దిద్దినవి పెట్టే ట్రే. బొంగరం వచ్చి తన బొమ్మని ఎడమ కట్ట మీద పెట్టింది. అమ్మ చూడాల్సినవి అక్కడ పెడతారని దానికి తెలుసు, పాపం వరస తప్పకుండా పెట్టింది. నేను తల ఎత్తలేదు. కాగితం వచ్చింది, చెయ్యి దాని పని అది చేసేసింది. సూర్యుళ్లు రెండున్నాయి, ఒకటి కొట్టేశాను. కుక్కకి ఐదు కాళ్లు, ఒకటి తీసెయ్యమని గుర్తు పెట్టాను. కుక్క నీలంగా ఉంది, పక్కన ప్రశ్నార్థకం. మనిషికి తలకీ ఒంటికీ మధ్య ఖాళీ ఉంది, కలపమని గుర్తు. కింద నా పొట్టి సంతకం, తేదీ. తీసి కుడి పక్క ట్రేలో పడేశాను.

అప్పుడు కదా చూసుకున్నాను!

నిజం చెప్తున్నాను, నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. అది ట్రేలోంచి కాగితం తీసుకుని, ఒక్కొక్క ఎర్ర గీత మీదా వేలు పెట్టి చూసింది. "అమ్మా, అన్నీ తప్పులేనా?" అంది. "కాదురా కన్నా, అమ్మ పొరపాటున..." అంటూనే నవ్వుతున్నాను. మర్నాడు ప్రెస్సులో అందరికీ చెప్పి వాళ్లనీ నవ్వించాను. ఆ కాగితం దాని పరుపు కింద దొరికింది నాకు, నాలుగు మడతలు పెట్టి ఉంది.

ఆ రోజునుంచి అది తనంతట తాను గియ్యడానికి దేన్నీ ముట్టుకోలేదు. క్రేయాను లేదు, సుద్దముక్క లేదు, పెన్సిలు లేదు. వేళ్లలో పట్టు లేదని మీకు రాశాను చూడండి, అది అబద్ధం. టీచరు అన్నది అది కాదు. "వేళ్లు బాగానే ఉన్నాయండీ, తప్పు పోతుందని భయపడుతోంది, ఇంట్లో ఎవరైనా తిడతారా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపి వచ్చేశాను. తల తీసేసినట్టయింది.

మీకు ఎందుకు చెప్పలేదంటే, మీ దగ్గర సిగ్గు. రంగులతో బతికే మనిషి మీరు. మీ తమ్ముడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు తిట్టండి, పడతాను.

మరదలు


షెడ్డు, మధ్యాహ్నం, పని ఆపి

పిచ్చి మరదలా,

తిట్టను. తిడదామనే కాగితం తీశాను, కానీ బొమ్మ చూస్తూ కూర్చుంటే కోపం ఎక్కడికో పోయింది.

ముందు నా సంగతి ఒకటి విను. కళ్లద్దాల షాపుకి బోర్డు వేశాను, ఇరవై ఏళ్లయింది. పెద్ద మొహం, మొహానికి అద్దాలు. నిచ్చెన మీద దగ్గరగా నిలబడి వేశాను కదా, కిందికి దిగి చూస్తే ఒక కన్ను బజారుకేసి, ఇంకో కన్ను ఆకాశంకేసి చూస్తున్నాయి. షాపాయన బయటికొచ్చి చాలాసేపు చూసి, "ఉండనీ అమ్మా, ఇలాంటివాళ్లే కదా మా దగ్గరికొచ్చేది" అన్నాడు. ఆ మాట అనకపోయి ఉంటే నేను మళ్లీ నిచ్చెన ఎక్కేదాన్ని కాదు. అప్పటికి నాకు ముప్పై ఏళ్లు. మన బొంగరానికి నాలుగున్నర.

ఇప్పుడు రెండు పనులు చెయ్యి. ఒకటి, దానికి సరిగ్గా క్షమాపణ చెప్పు. నవ్వకుండా. "పొరపాటున" అని నసగకుండా. పెద్దవాళ్లకి చెప్పినట్టు చెప్పు. రెండు, ఆ బొమ్మ తిరిగి పంపుతున్నాను, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడుగు. సూర్యుళ్లు రెండెందుకు, కాళ్లు ఐదెందుకు. నువ్వు దిద్దావే గానీ చదవలేదు. ఊరికే గీకిన బొమ్మ కాదిది, ప్రతి గీతా ఆలోచించి పెట్టిందే. పనివాళ్ల కళ్లకి తెలుస్తుంది.

తమ్ముడికి కూడా చెప్పు. వాడు నిన్నేమీ అనడు. వాడు చిన్నప్పుడు నా పెళ్లి ఫోటోలన్నిటికీ మీసాలు పెట్టాడు.

మీ వదిన


మూడో అంతస్తు
శనివారం

వదినా,

చెప్పాను. నేల మీద దాని ఎదురుగా కూర్చుని, "నీ బొమ్మ మీద గీతలు పెట్టడం నా తప్పు. అడక్కుండా పెట్టాను. తర్వాత నవ్వాను, అది ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు" అన్నాను. అది నా మొహం వంక చాలాసేపు చూసింది, నిజంగా అంటున్నానా లేదా అని. తర్వాత "సరే" అంది. ఎంత తేలిగ్గా అందంటే, ఐదు నెలలు నేనెందుకు ఊరుకున్నానా అని ఏడుపొచ్చింది.

తర్వాత బొమ్మ మధ్యలో పెట్టుకుని అడిగాను. వినండి.

సూర్యుళ్లు రెండెందుకంటే, ఒకటి మన మీద, ఒకటి నాన్న బస్సు మీద. ఒక్కటే ఉంటే దూరం వెళ్లాక నాన్నకి చీకటైపోదా?

కుక్కకి ఐదో కాలు స్టెప్నీ, ఒకటి పాడైతే వాడుకోడానికి. "బస్సుకి ఉంటుంది, కుక్కకి వద్దా?" అంది. మీ తమ్ముడు అక్కడే ఉన్నారు, ఆ మాటకి మంచం మీంచి లేచి వచ్చి కూతుర్ని భుజానెక్కించుకున్నారు. నా సంగతంతా అప్పుడే చెప్పేశాను. మీరన్నట్టు ఏమీ అనలేదు గానీ, ఆ రాత్రి తన టిఫిను డబ్బా కూడా దిద్ది మూత మీద సంతకం పెట్టమన్నారు.

కుక్క నీలంగా ఎందుకుందంటే నలుపు అయిపోయింది కాబట్టి. అంతే.

ఇక ఆ మనిషి నేనే. తలకీ ఒంటికీ మధ్య ఖాళీ ఎందుకంటే, "నువ్వు నా దగ్గర కూర్చుంటావు, నీ తల మాత్రం బల్ల దగ్గరే ఉంటుంది" అంది. కోపంగా కాదు వదినా, మామూలుగా. అన్ని వేల పేజీలు చదివాను, ఇంత ఉన్నదున్నట్టు రాసినవాళ్లని చూడలేదు.

అన్నీ చెప్పింది, నవ్వింది, నా ఒళ్లో పడుకుంది. "మరి ఇంకోటి వేద్దామా?" అన్నాను. చేతులు మళ్లీ వెనక్కి వెళ్లిపోయాయి. "నువ్వు చూస్తావుగా" అంది. నేను వేరే గదిలోకి వెళ్తానన్నాను. "తర్వాతైనా చూస్తావు" అంది.

క్షమించింది గానీ నమ్మడం లేదు. ఒకటో తరగతి సంగతి స్కూలువాళ్లు చెప్పే రోజుకి ఇంకా మూడు వారాలుంది. స్కూలు సంగతి నాకిప్పుడు పెద్దగా పట్టడం లేదు. అది మళ్లీ ఒక్క గీత గీస్తే చాలు. ఏం చెయ్యను?

మరదలు


(కార్డు)
షెడ్డు

మరదలా, బోర్డు పని మీద ఊరెళ్తున్నాను, అందుకే కార్డు. దాన్ని వెయ్యమనడం మానెయ్. నువ్వు వెయ్యి. రోజూ, దాని ఎదురుగా, గోడ మీదే. నీకు రాదని నాకు తెలుసు, రాకపోవడమే కావాలి. బాగా వెయ్యాలని మాత్రం చూడకు. నాలుగు రోజులయ్యాక నీ ఎర్ర కలం దాని చేతికిచ్చి దిద్దమను. ఏం దిద్దినా నోరెత్తకు. వదిన


మూడో అంతస్తు, వంటింటి బల్ల
గురువారం

వదినగారికి,

ముందు చెడ్డ కబురు. బొంగరం వచ్చే ఏడాది కూడా అదే తరగతి. టీచరు చాలా బాధపడుతూ చెప్పింది, నేనే ఆవిడని ఓదార్చి వచ్చాను. మీ తమ్ముడు "హమ్మయ్య, పాత యూనిఫారమే సరిపోతుంది" అన్నారు.

ఇక రెండోది. మీ కార్డు చేరేసరికి రెండు వారాలైంది, అందిన రోజే మొదలుపెట్టాను. మొదటి రోజు కాకిని వేశాను. బొంగరం దూరంగా తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఇది కాలిచెప్పా?" అంది. కాకి అన్నాను. "ఓ" అంది. రెండో రోజు బస్సు వేశాను, డ్రైవరు పట్టలేదు, బయట నిలబెట్టాను. దానికి నవ్వాగలేదు. మూడో రోజు తలుపు వదిలి దగ్గరికొచ్చింది. నాలుగో రోజు నా పక్కనే నిలబడి "ఇంకా కింద, ఇంకా కింద" అని సలహాలు మొదలుపెట్టింది. నలభై ఏళ్ల దాన్ని, చేతిలో క్రేయాను ముక్కతో, నాకే సిగ్గేసింది. కానీ వదినా, మధ్యలో ఎప్పుడో ప్రెస్సు గురించి మర్చిపోయాను. ఆకుపచ్చ మీద పసుపు రుద్దితే ఏమవుతుందో చూస్తూ గంట గడిచిపోయింది. మీరు పిల్లలకి మంచిదంటారు గానీ, నాకు మెడనొప్పి కూడా తగ్గింది.

నిన్న ఇల్లు వేశాను. మన వంటిల్లు. కిటికీ, పొయ్యి, ఈ బల్ల, బల్ల దగ్గర నేను. నాకు తెలిసినంతలో అన్నీ వేశాను. తర్వాత జేబులోంచి ఎర్ర కలం తీసి దాని చేతిలో పెట్టాను. "నువ్వు దిద్దు" అన్నాను.

అది కలం పట్టుకుంది. ఇన్ని నెలల తర్వాత, దానంతట అది, వదినా! మూడు వేళ్లతో, శుభ్రంగా. గోడ దగ్గరికి వెళ్లి, నేను ప్రూఫు చూసినట్టే పైనుంచి కిందికి చూడటం మొదలుపెట్టింది. కిటికీ వంకరగా ఉంది, వదిలేసింది. బల్లకి మూడే కాళ్లున్నాయి, వదిలేసింది. నా చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వాటినీ వదిలేసింది. నాకు పరీక్ష హాల్లో కూర్చున్నట్టుంది. ఇక ఏమీ దిద్దదేమో, కలం తిరిగిచ్చేస్తుందేమో అనుకున్నాను.

చివరికి నా బొమ్మ దగ్గర ఆగింది. కలం ఆనించి, నా పక్కన ఒక చిన్న సున్నా చుట్టింది. దానికి రెండు కాళ్లు, రెండు చేతులు, నవ్వు. ఒక చెయ్యి పొడుగ్గా లాక్కొచ్చి నా పొట్టి చేతికి కలిపింది.

"ఒక్కటే తప్పుందమ్మా" అంది. "నన్ను వెయ్యడం మర్చిపోయావు."

మీ మరదలు